సార్ మీటింగ్‌లో ఉన్నారు

ఒక బిల్లు తప్పుగా వచ్చింది. దిద్దమని అడగడానికి ఫోన్ చేసి నలభై నిమిషాలు కాచుకున్నాను. ‘మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం’ అని ఒక రికార్డు గొంతు రెండు నిమిషాలకోసారి చెబుతూ వచ్చింది. ఆ మాటకూ మాటకూ నడుమ పియానో లాంటి చప్పుడు ఏదో మోగింది. చివరికి మనిషి గొంతు పలికింది. సంబంధిత అధికారి మీటింగ్‌లో ఉన్నారనీ, నా వివరాలన్నీ రాసుకున్నామనీ, వాళ్ళే తిరిగి ఫోన్ చేస్తారనీ ఎంతో మర్యాదగా చెప్పింది. ధన్యవాదాలు చెప్పి పెట్టేశాను. ఆ అమ్మాయి నా పేరైనా అడగలేదని తరువాత ఎప్పటికో గుర్తొచ్చింది.

ఆ రాత్రి నిద్ర పట్టక డేవ్ ఫ్రిష్‌బర్గ్ పాటలు పెట్టుకున్నాను. పాటలు రాసి తానే పాడుకున్న అమెరికన్ జాజ్ పియానో విద్వాంసుడు అతను. వాటిలో ‘బ్లిజర్డ్ ఆఫ్ లైస్’ ఒకటి. అబద్ధాల మంచుతుఫాను అనుకోండి. అంతకుముందు నాలుగైదు సార్లు విని, నవ్వుకుని వదిలేసిన పాట. అందులో కథ లేదు, నాయకుడు లేడు. నగరంలో బతికే మనిషి పొద్దున లేచింది మొదలు చెవిన పడే చిన్న చిన్న అబద్ధాల వరస, అంతే. మీకు బహుమతి తగిలి ఉండవచ్చు. ఈ బట్ట ముడతలు పడదు. మనిషిని ఇప్పుడే పంపిస్తున్నాం. కొంచెం కూడా నొప్పి ఉండదు. సార్ మీటింగ్‌లో ఉన్నారు. ఆ ముక్క దగ్గర లేచి కూర్చున్నాను.

మళ్ళీ మొదటినుంచి పెట్టి విన్నాను. ఈసారి ఇంకో చోటు పట్టుకుంది. నవ్వు ముఖంతో సేవ చేస్తామనే దుకాణం మాట ఒకటుంది. మీ పేరు ఫైల్లో ఉంచుకుంటామనే ఆఫీసు మాట ఒకటుంది. ఆ రెంటికీ నడుమ, అదే వరసలో, చచ్చేదాకా నిన్నే ప్రేమిస్తానన్న వాగ్దానం ఇరుక్కుని ఉంది. దాని కోసం స్వరం మారదు, లయ మారదు, పియానో కనుబొమ అయినా ఎగరేయదు. ప్రేమ కూడా బట్టల కొట్టు మాటల వరసలో నిలబడి తన వంతు రాగానే తన ముక్క చెప్పి వెళ్ళిపోతుంది. ఇన్నాళ్ళూ దీన్ని హాస్యగీతం అనుకున్నానే అని నామీద నాకే కాస్త చిరాకు కలిగింది.

ఆ చిరాకే ఈ వ్యాసం. నగరం పాటల గురించి మనకున్న అభిప్రాయం తప్పని నాకు చాలాకాలంగా అనుమానం. ఫ్రిష్‌బర్గ్‌ను విన్నకొద్దీ అది బలపడింది.

నగరం మీద జాజ్ పాటలు అని వెతికి చూడండి. ప్రతి సంకలనానికీ ఒకటే ముఖచిత్రం: తడిసిన రోడ్డు, దాని మీద సాగిన ఎర్రటి దీపం నీడ, పసుపు టాక్సీ, కిటికీ పక్కన ఒంటరి మనిషి. పాటలూ దానికి తగ్గట్టే ఉంటాయి. అర్ధరాత్రి, వాన, పొగ, గాజు గ్లాసులో మంచుముక్క. చెడ్డవని అనను, నేనూ వింటాను. కానీ అవన్నీ ఎత్తైన గదిలోంచి కిందికి చూసి రాసినవి. కిందికి దిగితే అక్కడ వాన కన్నా ఎక్కువగా ఉండేది మాట. అద్దె, మరమ్మతు, అపాయింట్‌మెంట్, సంతకం, రసీదు, ‘కాస్త పక్కకు జరగండి’. రోజుకు వందసార్లు తెలియని మనుషులతో, అవసరం మేరకే, అరిగిపోయిన మాటలతో మాట్లాడవలసిరావడమే నగరం అంటే. పల్లెలో అబద్ధాలు లేవని కాదు. అక్కడ అబద్ధం చెప్పేవాడి తాత పేరు కూడా మనకు తెలిసి ఉంటుంది. నగరంలో అబద్ధానికి మొహం ఉండదు, గొంతు ఒక్కటే ఉంటుంది. కాబట్టి నగరాన్ని పాటగా కట్టాలంటే కన్ను చాలదు, చెవి కావాలి.

ఆ చెవి ఎక్కడ తయారవుతుంది? పక్కవాద్యం దగ్గర. నా వాదన మొత్తం ఈ ఒక్క మాటే.

ఫ్రిష్‌బర్గ్ 1933 మార్చి 23న అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, సెయింట్ పాల్‌లో పుట్టాడు. చిన్నప్పుడు శాస్త్రీయ పియానో పాఠాలు వంటబట్టలేదు. అన్న దగ్గర బ్లూస్, బూగీ అనే జాజ్ చుట్టాల్లాంటి బాణీలు పట్టుకున్నాడు. విశ్వవిద్యాలయంలో చదివింది పత్రికా రచన, 1955లో పట్టా చేతికొచ్చింది. రెండేళ్ళు వైమానిక దళంలో పనిచేసి 1957లో న్యూయార్క్ చేరాడు. అక్కడ దాదాపు పద్నాలుగేళ్ళు అతని బతుకు ఇతరుల వెనక పియానో వాయించడమే. కార్మెన్ మెక్రే పాడుతుంటే వాయించాడు. బెన్ వెబ్‌స్టర్ శాక్సొఫోన్ ఊదుతుంటే వాయించాడు. డ్రమ్స్ మేటి జీన్ క్రూపా బృందంలో వాయించాడు. మన్‌హాటన్‌లో హడ్సన్ వీధి మీద హాఫ్ నోట్ అనే క్లబ్బు ఉండేది. అక్కడ ఆల్ కోన్, జూట్ సిమ్స్ అనే ఇద్దరు శాక్సొఫోన్ విద్వాంసుల జంట వెనక రాత్రుల తరబడి కూర్చున్నాడు.

పక్కవాద్యం అంటే ఏమిటో నాకు కొద్దిగా తెలుసు. కొద్దిగానే. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో కీబోర్డు నేర్చుకుంటానని ఒక మాస్టారి దగ్గర చేరాను. సోలోలు వాయించాలని నా తొందర. ఆయన నన్ను ఎనిమిది నెలలు ఇంకో శిష్యురాలి పాటకు కార్డులు వేయించారు. కార్డు అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తి. పాడే మనిషి ఊపిరి తీసుకునే చోటు కనిపెట్టి ఆ సందులో ఒక గుత్తి పెట్టాలి. ముందు పెడితే తోసినట్టు ఉంటుంది, ఆలస్యమైతే లాగినట్టు ఉంటుంది. ‘అమ్మాయి పాట వినడం మానేసి నీ చేతులు వింటున్నావు’ అని వారానికోసారి తిట్టేవారు. ఎనిమిది నెలలకు నాకు పియానో రాలేదు గాని, ఎవరైనా మాట్లాడుతుంటే వాళ్ళు ఎక్కడ ఆగుతారో, ఏ మాట ముందు గొంతు సవరించుకుంటారో వినబడడం మొదలైంది. ఇంట్లో ఇది మంచి అలవాటు కాదని త్వరలోనే తేలింది.

ఆ పనిలో పద్నాలుగేళ్ళు గడిపిన మనిషి గురించి ఆలోచించండి. పైగా పత్రికా రచన చదివినవాడు, అంటే ఎదుటివాడు అన్నమాటను అన్నట్టు రాసుకోవడం నేర్చినవాడు. క్లబ్బులో పియానోవాడి వైపు ఎవరూ చూడరు. అతను జనానికి పక్కకు తిరిగి కూర్చుంటాడు. ముందు బల్లల దగ్గర బేరాలు, కొత్త పరిచయాలు, పాత తగాదాలు నడుస్తుంటాయి. చేతులు పనిలో ఉంటాయి, చెవులు ఖాళీ. అతని పాటల్లో ఇన్ని గొంతులు అక్కడినుంచే వచ్చాయని నేను రుజువు చేయలేను. నమ్ముతాను.

ఇక్కడ అందరికీ తెలిసిన ఇంకో పియానో పాట గుర్తు చేయక తప్పదు. బిల్లీ జోయెల్ ‘పియానో మ్యాన్’. 1970ల మొదట్లో లాస్ ఏంజెలెస్‌లోని ఒక బారులో మారుపేరుతో కొన్ని నెలలు వాయించిన అనుభవంలోంచి రాసి, 1973లో విడుదల చేశాడు. గొప్ప బాణీ, కాదనను. బారుకు వచ్చేవాళ్ళ కష్టాలన్నీ అందులో ఉన్నాయి. కానీ గమనించండి, వాళ్ళంతా పియానోవాడి వైపు చూస్తూ ఉంటారు. అతని పాట కోసమే వస్తారని మేనేజరుకు కూడా తెలుసు. అందరూ ఓడిపోయినవాళ్ళు, వాళ్ళకు కాసేపు ఊరట ఇచ్చేవాడు ఇతను. జాలి చాలా ఉంది. ఆ జాలిలో కొంచెం పైమెట్టు ఉంది. ఫ్రిష్‌బర్గ్ పాటల్లో పియానోవాడు కనబడడు. ఎవరిమీదా జాలిపడడు. వాళ్ళను మాట్లాడనిస్తాడు.

ఉదాహరణకు ‘మై అటార్నీ బెర్నీ’. ఒక మనిషి తన వకీలును తెగ పొగుడుతుంటాడు. ఎంత పలుకుబడి, ఎంతమంది పెద్దలతో స్నేహం! దావా వేద్దామని బెర్నీ అంటే వేస్తాం, సంతకం పెడదామంటే పెడతాం. పొగడ్త సాగేకొద్దీ పొగిడేవాడి జేబు ఖాళీ అవుతున్నట్టు మనకు వినబడుతుంది, అతనికి మాత్రం వినబడదు. మన అలంకారశాస్త్రంలో దీనికి చక్కటి పేరుంది: వ్యాజస్తుతి. పైకి స్తుతి, లోపల నింద. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. మామూలు వ్యాజస్తుతిలో పొగిడేవాడికి తాను తిడుతున్నానని తెలుసు. ఈ పాటలో అతనికి తెలియదు. మనస్ఫూర్తిగా పొగుడుతున్నాడు. నింద మొత్తం మన చెవిలో, పియానో కింది స్వరాల్లో తయారవుతుంది. ఎవరి చెంప ఛెళ్ళుమనాలో పాటగాడు చెప్పడు. ఆ మాటకొస్తే బెర్నీ చెడ్డవాడని కూడా పాట ఎక్కడా అనదు. మంచి వకీలే కావచ్చు.

కాకపోతే ఇవన్నీ ‘తెలివి’ పాటలు, మనసు లేనివి అని చాలామంది పక్కన పెడతారు. నేనూ అలాగే పెట్టాను. ఈ అభియోగానికి జవాబు చెప్పాలంటే రెండు పాటలు చెప్పాలి.

మొదటిది ‘వ్యాన్ లింగిల్ ముంగో’, 1969 నాటిది. పాట మొత్తం పేర్లే. ఒక్క క్రియ లేదు, వాక్యం లేదు. పాతకాలపు బేస్‌బాల్ ఆటగాళ్ళ పేర్లు, ఎక్కువగా 1940ల నాటివాళ్ళవి. మజెస్కీకి పెస్కీ ప్రాస, గీకి లీ ప్రాస. ప్రతి చుట్టు చివరా ముంగో పేరు. ఈ ముంగో 1930ల్లో బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టుకు బంతులు విసిరినవాడు. అప్పుడే కొత్తగా వచ్చిన బేస్‌బాల్ విజ్ఞాన సర్వస్వం పేజీలు తిప్పుతుంటే పాటకు మాటలు దొరికాయట. చెబితే పేర్ల పట్టికకు బాణీ కట్టిన చమత్కారంలా ఉంటుంది. వింటే బోసా నోవా అనే బ్రెజిల్ లయలో మెల్లటి నడక, దిగులు పూసిన స్వరాలు. ఆ ఆటగాళ్ళలో ఒక్కరి ముఖం కూడా నాకు తెలియదు, బేస్‌బాల్ ఎలా ఆడతారో సరిగా తెలియదు. అయినా రెండో చుట్టుకు గొంతు పట్టేస్తుంది.

ఎందుకో ఆలోచిస్తే మనకు దీని కిటుకు ఎప్పుడో తెలుసని తోచింది. సహస్రనామం వింటూ పెరిగిన చెవికి పేర్ల వరసలో ఏముందని ఎవరూ నేర్పనక్కరలేదు. పెద్దవాళ్ళు పొద్దున్నే చదువుతుంటే అర్థం తెలియకపోయినా ఆ పేర్ల నడక లోపలికి దిగుతుంది. చదివే మనిషి పోయాక ఆ పేర్లే ఆ మనిషిని తెచ్చి ఇస్తాయి. ఫ్రిష్‌బర్గ్ చేసింది అదే. తన చిన్నతనంలో రేడియోలోనూ పేపర్లోనూ రోజూ వినబడి, చూస్తుండగానే ఎవరూ పలకని పేర్లయిపోయినవాటిని ఒక్కసారి వరసగా పలికాడు. దేవుళ్ళవి కాకపోవడమే అందులోని దిగులు. మామూలు మనుషుల పేర్లు ఎంతకాలం నిలుస్తాయి?

ఈ పాటకు ఒక తోకకథ ఉంది. డిక్ కావెట్ నడిపే టీవీ కార్యక్రమంలో ఈ పాట పాడడానికి ఫ్రిష్‌బర్గ్ వెళ్ళినప్పుడు ముంగో స్వయంగా వచ్చాడు. తెర వెనక అడిగాడట, ఈ పాట మీద తనకు డబ్బు ఎప్పుడు అందుతుందని. పేరు వాడుకున్నందుకు అలా ఏమీ రాదని ఫ్రిష్‌బర్గ్ చెప్పాడు. అది నా పేరు కదా అన్నాడు ముంగో. నిజమే, కావాలంటే ఇంటికి వెళ్ళి మీరూ డేవ్ ఫ్రిష్‌బర్గ్ అని ఒక పాట రాసుకుని లెక్క సరిచేసుకోవచ్చునని జవాబు. నగరం పాట అంటే ఇదే అనిపిస్తుంది నాకు: భావుకత ఒక గదిలో, బకాయి పక్క గదిలో.

రెండోది ‘స్వీట్ కెంటకీ హామ్’. ఊళ్ళు తిరిగే వాద్యగాడు. సాయంత్రం ఆరు గంటలు, ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్. బయటికి వెళ్ళే ఓపిక లేదు. హోటల్ గదికే ఫోనులో భోజనం చెప్పించుకుని, ఆ ఊరి వార్తలు టీవీలో చూస్తూ ఒంటరిగా తింటాడు. మనసంతా ఇంకెక్కడో దొరికే పంది మాంసం మీద. అంతే పాట. ప్రేయసి లేదు, వాన లేదు, కిటికీ కూడా లేదు. తనది కాని ఊరి వార్తలు చూస్తూ తినడం అనే ఒక్క వివరం చాలు. ఎవరిదో దొంగతనం, ఎవరిదో వంతెన, రేపు అక్కడి వాతావరణం. ఆ ఊళ్ళో రేపు మనం ఉండం.

ఇది విన్నప్పుడల్లా శ్రీనాథుడివని చెప్పుకునే పలనాటి చాటువులు గుర్తొస్తాయి. రాజాస్థానాల్లో కనకాభిషేకాలు చేయించుకున్న కవి ఊరు కాని ఊరు పోయి అక్కడి జొన్నకూడును తిట్టుకుంటాడు. మనం నవ్వుతాం. నవ్వాక ఆ ముసలి కవి ఆకలి కనబడుతుంది. మహాకావ్యాల్లో కనబడని శ్రీనాథుడు ఆ చాటువుల్లో కనబడతాడు. చాటువును తక్కువ సరుకుగా చూసే అలవాటు మనకూ ఉంది, జాజ్ వాళ్ళకూ ఉంది. వాళ్ళు దాన్ని కొత్తరకం పాట, వేడుక పాట అని ఒక గంపలో పడేస్తారు. మనిషి ఏమి తిన్నాడో, తినలేదో చెప్పే పద్యం అతను ఏమి ప్రేమించాడో చెప్పే పద్యం కన్నా తక్కువ నిజమా? సరిగ్గా చెప్పాలంటే తిండి గురించి మనుషులు అబద్ధాలు తక్కువ ఆడతారు.

అలాగని అంతా మెచ్చుకోను. ‘క్వాలిటీ టైమ్’ లాంటి పాటలు పాతబడ్డాయి. తీరికలేని జంట ఒకరి కోసం ఒకరు సమయం కేటాయించుకోవడం మీద వ్యంగ్యం అది. ఆ ఉరుకుల పరుగుల జంట నాటి వేషంలోనే మిగిలిపోయింది. మాటను పట్టుకున్న పాట నిలిచింది, పరికరాన్నీ ఫ్యాషన్నూ పట్టుకున్నది వాటితోపాటే పోయింది. ‘ఐయామ్ హిప్’కు బాబ్ డోరో బాణీ, ఫ్రిష్‌బర్గ్ మాటలు. బ్లాసమ్ డియరీ పాడితే ముచ్చటగా ఉంటుంది. కానీ తాను ఎంత ఆధునికురాలినో చెప్పుకునే ఆ గొంతును మొదటి పాదంలోనే పోల్చేస్తాం. తరువాతి పాదాలు కొత్తగా చెప్పేది తక్కువ.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం వేరే ఉంది. ఇది వకీళ్ళున్నవాళ్ళ నగరం, రెస్టారెంటుకు వెళ్ళాలా ఇంట్లో తినాలా అని తేల్చుకోగలిగినవాళ్ళ నగరం. మెట్లు కడిగేవాళ్ళు, రాత్రి బస్సులో నిద్రపోయేవాళ్ళు ఇందులో లేరు. నిజం. వాళ్ళ కోసం నేను లారా నైరో దగ్గరికి వెళతాను. 1947లో బ్రాంక్స్‌లో పుట్టిన ఆమె కూడా పియానో ముందు కూర్చుని రాసి పాడినదే. ఇరవై రెండేళ్ళు నిండకముందే, 1969లో, ‘న్యూయార్క్ టెండబెర్రీ’ అనే ఆల్బమ్ తెచ్చింది. అందులో నగరం మాట్లాడదు, కేకలు పెడుతుంది. వేగం ఉన్నట్టుండి పడిపోతుంది, ఉన్నట్టుండి లేస్తుంది. పియానో ఒక్కో చోట తలుపు బాదినట్టు మోగుతుంది. ఆమెకు పక్కవాద్యం చెవి లేదు, అక్కరలేదు కూడా. వీధి ఆమె లోపలే ఉంది. నా వాదనకు ఆమె అడ్డు వస్తుంది. రానివ్వండి. ఆమెను వాదనలో ఇరికించాలని రెండు మూడు రకాలుగా ప్రయత్నించి మానేశాను.

ఫ్రిష్‌బర్గ్ గొంతు గురించి కూడా ఒక మాట. పొడిగా, కొంచెం ముక్కుతో, పైస్థాయికి వెళ్ళడానికి పెద్దగా ఇష్టపడనట్టు ఉంటుంది. తన పాటలు తానే పాడుకున్న మొదటి ఆల్బమ్ వచ్చేసరికి వయసు ముప్పై దాటి చాలాకాలమైంది. ‘పీల్ మీ ఎ గ్రేప్’ 1962లోనే రాశాడు. దాన్ని 1997లో డయానా క్రాల్ పాడినప్పుడు ఎందరో మొదటిసారి విన్నారు. ఆమె గొంతులో ఆ పాట పట్టుచీర కట్టుకుని వస్తుంది. ఆయన పాటలు ఆయన గొంతులోనే ఎందుకు బాగుంటాయంటే, అది పాట పాడే గొంతులా ఉండదు. క్యూలో మన వెనక నిలబడి మాట కలిపినవాడిలా ఉంటుంది. అందమైన గొంతుతో ‘సార్ మీటింగ్‌లో ఉన్నారు’ అని పాడితే అది నిజమేమో అనిపించే ప్రమాదముంది.

1971లో ఒక టీవీ హాస్య కార్యక్రమానికి సంగీతం రాయడానికి లాస్ ఏంజెలెస్ వెళ్ళిపోయాడు. ఐదారేళ్ళలో పిల్లల టీవీ కోసం ‘ఐయామ్ జస్ట్ ఎ బిల్’ రాశాడు. చట్టం కావాలని అమెరికా చట్టసభ మెట్ల మీద కాచుకుని కూర్చున్న ఒక బిల్లు తన గోడు చెప్పుకునే పాట. అమెరికాలో ఒక తరం మొత్తానికి శాసనం ఎలా తయారవుతుందో నేర్పింది అదేనంటారు. చూడండి, అక్కడా ఎదురుచూపే. బిల్లు చేత కూడా క్యూ కట్టించాడు.

వెళ్ళిపోయాక రాసిన ‘డూ యూ మిస్ న్యూయార్క్’ నా దృష్టిలో అతని నగరం పాటలన్నిటిలో మేలైనది. న్యూయార్క్ వదిలి వచ్చినవాళ్ళు నలుగురు ఒకచోట చేరి కొత్త ఊరిని తిట్టుకుంటుంటే, ఎవరో ఒకరు ఎప్పుడూ అడిగే ప్రశ్న అది. గుర్తొస్తోందా? ఆ కోపం, ఆ పరుగు, ఆ రొద? మళ్ళీ వెళితే తట్టుకోగలవా? పాట నిండా ప్రశ్నలే. నగరం అందాలు ఏకరువు పెట్టదు. గుర్తొచ్చేవి చాలావరకు చిరాకులే, అక్కడున్నప్పుడు అందరూ విసుక్కున్నవే. వదిలేశాక చిరాకులే ఆస్తిగా మిగలడం ఇల్లు మారినవాళ్ళందరికీ అనుభవమే. 1993లో రోజ్‌మరీ క్లూనీ ఈ పాట పేరుతోనే ఆల్బమ్ చేసింది. ఫ్రిష్‌బర్గ్ మాత్రం తిరిగి వెళ్ళలేదు. 1986లో ఇంకా ఉత్తరానికి జరిగి పోర్ట్‌లాండ్‌లో స్థిరపడ్డాడు. 2021 నవంబరు 17న, ఎనభై ఎనిమిదేళ్ళ వయసులో, అక్కడే పోయాడు.

ఆ అబద్ధాల పాటను తెలుగులో కడదామని ఒక ఆదివారం కూర్చున్నాను. ముడిసరుకుకు కొదవ లేదు. దారిలోనే ఉన్నాను. ఐదు నిమిషాల్లో అక్కడుంటాను. మీరు అసలు మారలేదు. రేపు తప్పకుండా ఇచ్చేస్తాను. గంటలో రెండు పేజీలు నిండాయి. చిక్కు బాణీలో ఎక్కించేటప్పుడు వచ్చింది. ఇంగ్లీషులో ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం ప్రాస దొరకడం కష్టం, ఆ కష్టంలోనే నవ్వు పుడుతుంది. తెలుగులో వాక్యం చివర క్రియ వస్తుంది, కాబట్టి ఉన్నాను, వస్తాను, చూస్తాను, ఇస్తాను అని అంత్యప్రాస ఉచితంగా పడుతుంది. ఉచితంగా వచ్చినదానికి ఎవరు నవ్వుతారు? సరే, మన పద్ధతిలోనే రెండో అక్షరం ప్రాస పెడదామనుకున్నాను. ‘దారిలోనే ఉన్నాను’కు ‘సారు మీటింగులో ఉన్నారు’ బ్రహ్మాండంగా కుదిరింది. రకారం రకారానికి కలిసింది. మూడో పాదానికి ‘ధర ఇదే చివరిది’ అని చేర్చబోయాను. పై రెండిటిలో మొదటి అక్షరం గురువు, ఇక్కడ లఘువు. ప్రాస చెడింది. బేరం చెడిందని పక్కన పెట్టాను.

కానీ ఆ కాగితం పక్కనే ఇంకో పని మొదలైంది. ముంగో 1985లో చనిపోయాడు. ఫ్రిష్‌బర్గ్ పేరు మీద పాటేదీ రాసినట్టు లేదు, కాబట్టి లెక్క ఇంకా సరికాలేదు. ఎవరో ఒకరు రాయవచ్చు. డేవ్, ఫ్రిష్, బర్గ్: మూడూ గురువులే, మగణం. కీబోర్డు ముందు కూర్చుని ఒక్కో అక్షరానికి ఒక్కో కార్డు వేసి చూశాను. అతని పాటంత తేలికగా లేదు, పెద్ద బీరువాను మెట్లెక్కిస్తున్నట్టు ఉంది. మళ్ళీ వేశాను. ఈసారి రెండో గుత్తిని పడవలసిన చోట పడనివ్వకుండా ఒక్క క్షణం ఆపి, ఎవరో అక్కడ ఊపిరి తీసుకుంటున్నారనుకుని, ఆ తరువాత పెట్టాను. అప్పుడు కాస్త నడిచింది.